మొదటి పన ఎవరి పొలంలోది

మా ఊరి గుడిలో, అంటే మా చర్చిలో, కోతపండుగ నాడు ఒక పద్ధతి ఉంది. బందరులోనూ గుడివాడలోనూ చాలా గుళ్ళలో కోతపండుగలు చూశాను గాని ఈ పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. ఆరాధనకు గంట కొట్టాక సంఘమంతా లోపల కూర్చుంటుంది, తలుపులు మూసేస్తారు. ఆ ఏటి మొదటి పన, కోసిన వరి కట్ట, మోసుకొచ్చిన మనిషి ఒక్కడే బయట మెట్ల మీద ఉంటాడు. అతను తలుపు తడితే పాస్టరు అయ్యగారు తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఇది ఎవరి పొలంలోది?" అని అడుగుతారు. పేరు చెప్పాలి. పేరు విన్నాక అయ్యగారు పక్కకు తప్పుకుంటారు, లోపల పాట అందుకుంటారు, వరి పన ప్రభువు బల్ల ముందుకు వెళ్తుంది. మిగతావాళ్ళ గుమ్మడికాయలూ కోళ్ళూ కొబ్బరికాయలూ దాని వెనకాలే.

ఆ పేరు మాది. గుడికి స్థలం ఇచ్చిన తాతగారి నాటి నుంచీ మాదే. పొలం నాన్నగారి కాలంలో చేతులు మారింది. ఎలా మారిందన్నది మా ఇంటి సంగతి, ఇక్కడ రాయను. తరవాత ఇల్లు పోయింది. దాన్ని పడగొట్టి రొయ్యల మేత గోడౌను వేశారు. పాత గుడి గోడలు బీటలిచ్చి కొత్తది కట్టినప్పుడు తాతగారి పేరు చెక్కిన రాయిని తీసి పక్కన పెట్టారు. ఆ పక్కన అంటే ఎక్కడో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. ఇన్ని పోయాక దివిసీమలో మా ఇంటిపేరు పైకి వినపడేది ఏడాదికి ఒక్కసారి, ఆ గుమ్మం దగ్గర. పొలం పోయిన ఏడు కూడా నాన్నగారు తల వంచకుండా మెట్లెక్కి, మా పేరే చెప్పారు. లోపల ఎవరూ కనీసం దగ్గలేదు కూడా. అందులో అబద్ధం ఉందని నేను అనుకోను. ఆ చేనుని ఊళ్ళో ఇవాళ్టికీ మా పేరుతోనే పిలుస్తారు. కొన్నాయన కూడా అలాగే పిలిచేవారు.

ఆయన మా ఊరి రైతే. మా మతం కాదు, మాటకారి కాదు. పొలం తీసుకున్న మొదటి కోతలప్పుడు నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని చేను దగ్గరికి వెళ్ళారు. ఒక్క పన కోసుకోనిమ్మని అడగాలి. అడగడం మా ఇంట్లో అలవాటు లేని పని. గట్టు ఎక్కేసరికి చేనంతా కోసేసి ఉంది, ఈశాన్యం మూల మాత్రం నాలుగు సాళ్ళ వరి అలాగే నిలబెట్టి ఉంది. ఆయన గట్టు మీద కూర్చుని కాలవ వైపు చూస్తున్నారు. నాన్నగారు కోసుకున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆ మరుసటి ఏడూ అంతే. నాన్నగారి తరవాత నేను వెళ్ళడం మొదలుపెట్టాకా అంతే. కోతమిషన్లు వచ్చాయి, చేతికోత పోయింది, పన అన్నది కంటికి కనపడకుండా పోయింది. మిషను అటు నుంచి గింజ, ఇటు నుంచి గడ్డి కక్కుతుంది. అయినా మా మూల నిలబడే ఉండేది.

ఈ ఏడు వినాయకచవితి వెళ్ళిన వారానికి ఆయన పోయారు. నాట్లు వేయించి, ఒక విడత ఎరువు చల్లించి, ఉన్నట్టుండి పోయారు. కబురు తెలిసి వెళ్ళాను, కాసేపు నిలబడి వచ్చాను. అప్పుడు కూడా మూల సంగతి మాట్లాడలేదు. అలాంటి చోట ఎవడైనా మాట్లాడతాడా? కాని బందరు తిరిగొచ్చిన దగ్గర్నుంచి నాకు అదే ధ్యాస. ఆయన లేరు. కొడుకు వేరు, కొడుకు కాలం వేరు. మూల వదులుతారా?

పండుగ ఆదివారం దగ్గర పడ్డ వారం తుఫాను హెచ్చరిక వచ్చింది. టీవీ పెడితే అదే, బయటికి వస్తే అదే. కోయని చేలు వెంటనే కోసేయమని మైకుల్లో చెప్పిస్తున్నారు. నేను పనిచేసే కాలేజీ ఆఫీసు కిటికీలోంచి మిషన్లను ఎక్కించుకుని లారీలు గూడూరు వైపు నుంచి రావడం కనిపిస్తూనే ఉంది. సంతకం పెట్టాల్సిన కాయితం మీద పెన్ను పెట్టి లారీల వైపే చూస్తూ ఉండిపోయేవాణ్ణి. ఫోన్ చేసి కనుక్కుంటే పోయేది, చేయలేదు. శనివారం పొద్దున్నే గుడివాడ నుంచి అక్క చేసింది.

"ఏరా, బయల్దేరావా?"

"మధ్యాహ్నం."

"వాళ్ళింటికి ఫోన్ చేశావా? మూల ఉంచారో లేదో?"

"ఎప్పుడన్నా చేశామా?"

"అప్పుడు ఆయనున్నారు. నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా, నంబరు చెప్పు."

"నా దగ్గర లేదు."

"ఇన్నేళ్ళ నుంచి వాళ్ళ చేలో కోసుకొస్తూ నంబరు లేదా నీ దగ్గర?"

"మన చేలో."

"సర్లే, మన చేలోనే. చల్లపల్లి బస్టాండులో ఉంటా. రెండో హెల్మెట్టు మర్చిపోకు. పోయినేడు చల్లపల్లి నుంచి ఊరి దాకా నీది ఒకటే ఉపన్యాసం, నా చెవుల్లో ఒకటే గాలి."

అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. గుడివాడలో టీచరు చేసి రిటైరైంది. చల్లపల్లిలో బస్సు దిగేసరికి చేతిలో గోనెసంచి. అది ఆమె పిడికెడు బియ్యం. అమ్మ నేర్పిన అలవాటు. ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఏడాది పోగైనది పండుగకి తెస్తుంది. ఇప్పుడు కరెంటు కుక్కరు వచ్చి, కొలత గ్లాసు వచ్చినా పిడికిలి మానలేదు.

"మీ బావగారు ఏమన్నారో తెలుసా? 'ఈ ఇంట్లో నాకంటే మీ దేవుడే ఎక్కువ తింటున్నాడే' అన్నారు. 'మరి ఆయన షుగర్ పేషెంటు కాదు గదండీ' అన్నా."

నాకు నవ్వు రాలేదు. సంచి స్కూటరు ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని బండి తీశాను.

వాన ఇంకా పడలేదు. గాలి మాత్రం ఒకచోట నిలవడం లేదు. రోడ్డుకి ఒక పక్క పొడవునా ధాన్యం ఆరబోసి ఉంది. మబ్బు చూసి రైతులు దాన్ని కుప్పలుగా ఎగదోస్తున్నారు, పట్టాలు కప్పుతున్నారు, పట్టాల అంచుల మీద ఇటుకలు పెడుతున్నారు. గాలి ఒక కొస లేపితే ఇద్దరు పరుగెత్తుతున్నారు. నేను సగం రోడ్డు మీదే నడపాల్సి వచ్చింది. రోడ్డుకి అటూ ఇటూ ఎక్కడ చూసినా కోసిన చేలే. నిలబడిన వరి కోసం నా కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి. మోపిదేవి దగ్గర కార్లు ఆగి ఉన్నాయి, సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వచ్చినవాళ్ళు టీ కొట్ల దగ్గర గుమిగూడారు.

"ఒక్క టీ తాగుదాంరా. నడుం పట్టేసింది."

"వచ్చేటప్పుడు."

"వచ్చేటప్పుడు ఎప్పుడు? రేపు సాయంత్రమా?"

ఆపలేదు. కాలవ కట్ట ఎక్కి మా ఊరి దారి పట్టాను. అక్క వెనక నుంచి ఏదో అంటూనే ఉంది, గాలికి సగం వినపడలేదు, సగం వినపడనట్టు ఉన్నాను.

చేను కోసేసి ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా మిషను చక్రాల గాడులు, వాటిలో నీళ్ళు, గడ్డి వరసలు, కొంగలు. స్కూటరు గట్టు కింద పడేసినట్టే పెట్టి ఈశాన్యం మూలకి నడిచాను. అక్కడా దుబ్బులే. బూటుతో తన్ని చూశాను. ఎందుకు తన్నానో తెలియదు. అన్నేళ్ళు మాట లేకుండా నడిచింది, ఒక్క మనిషి పోగానే అయిపోయిందన్నమాట. ఈ ఏడు గుమ్మం దగ్గర ఏం పట్టుకుని నిలబడాలి? ఏమీ లేకుండా వెళ్ళి లోపల బెంచీ మీద కూర్చుంటే, పన ఇంకెవరో తెస్తే, ఇంకో పేరు వినపడితే, ఇక ఆ తరవాత ఏటికి మేమెవరం?

"పద, వాళ్ళింటికి వెళ్ళి అడుగుదాం" అంది అక్క.

"దేనికి? ఏమని?"

"నువ్వు బండి మీదే కూర్చో. నేను అడుగుతా. నాకు నోరుంది."

ఆ ఇంటి గేటు దగ్గర ఆయన కోడలు ఉంది. వాకిట్లో ధాన్యం బస్తాలు, వాటి మీద నీలం పట్టా. అక్క గేటులోంచే పలకరించింది. "అత్తయ్యగారు ఉన్నారా అమ్మా?"

"గుడికెళ్ళారండి."

"ఏ గుడికి? మోపిదేవికా?"

"కాదండి, మీ గుడికే. వరి పన తీసుకుని పొద్దున్నే వెళ్ళారు. మీరింకా అటు వెళ్ళలేదా?"

అక్క వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను బండి స్టార్ట్ చేశాను.

గుడి ఆవరణలో అరటిబోదెలు కడుతున్నారు, షామియానా వేయాలా వద్దా అని వాదించుకుంటున్నారు. పోయినాయన భార్య వరండాలో ఒక మూల కూర్చుని ఉంది. చెప్పులు గేటు బయటే విడిచింది. పక్కన గోడకి ఆనించి పన. పాత నేతచీర చుట్టి, పైన కంకులు మాత్రం బయటికి కనిపించేలా కట్టింది. నేను కోసిన పనలన్నిటికంటే పెద్దది.

"వచ్చారా అన్నయ్యగారూ! మీ కోసమే చూస్తున్నా" అని లేచింది. "మిషను గురువారమే వచ్చేసిందండి. మూల వదలరా అబ్బాయ్ అంటే, ఈ మూల కోసం నేను మళ్ళీ రావాలా అమ్మా అన్నాడు మిషనువాడు. నువ్వు రావద్దులే నాయనా అని ఆ మూల నేనూ మావాడూ ముందే కొడవలి పెట్టి కోసేశాం. తడవకూడదని ఇంట్లో పెట్టా. ఇంట్లో ఎలకలు. ఎందుకొచ్చిన గొడవని ఇక్కడికే పట్టుకొచ్చేశా."

"నాకు కబురు చేయవలసింది" అన్నాను.

"మీ నంబరు లేదుగా అన్నయ్యగారూ."

నా వెనకాల అక్క దగ్గింది. అది దగ్గు కాదు.

పన అక్కడే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని అయ్యగారికి అప్పగించి వెళ్ళిపోవచ్చు. అడుగు ముందుకు వేశాను. ఆవిడ మాత్రం పన మీద చెయ్యి తీయలేదు.

"ఒక్క మాటండి. రేపు తలుపు దగ్గర అడుగుతారంటగా, ఎవరి పొలంలోదని."

"అవును."

"ఏటా మీ పేరు చెప్తారని తెలుసు. ఆయనకీ తెలుసు. పొలం మనదైతే పేరు వాళ్ళదేంటండీ అని ఒకసారి నేనే అడిగా. 'పోనీవే, మంచి చోట చెప్తున్నారు' అన్నారు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇది ఆయన నాట్లేయించిన చేను అన్నయ్యగారూ. పంట ఇంటికి రావడం ఆయన చూడలేదు. ఈ ఒక్క ఏడూ ఆయన పేరు చెప్తారా?"

ఇలాంటిదేదో వస్తుందని నేను అనుకోలేదు. "మీరే చెప్పండి. మీరే మోసుకుని రండి" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను.

ఆవిడ నాలిక కరుచుకుంది. "అయ్యో, నా నోటితో ఆయన పేరా! పెళ్ళయిన కాడి నుంచి పలకలేదు. రేషను కార్డుకి వెళ్ళినప్పుడు కూడా పక్కావిడ చేత చెప్పించేదాన్ని. ఇప్పుడు మనిషి లేరని పలుకుతానా?"

"అయితే మీ అబ్బాయి."

"వాడు తండ్రికి కర్మ చేసినవాడండి, ఏడాది తిరిగేదాకా గుడి మెట్లెక్కకూడదంటారు. ఈ రోజుల్లో ఇటు రమ్మంటే వాడికీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. ఏటా మోసేది మీరే గదా. మీరు చెప్తేనే బావుంటుంది."

అటుగా వెళ్తున్న అయ్యగారిని అక్క పిలిచింది. ఆయన చిన్నవాడు, మా ఊరికి వచ్చి రెండో ఏడు. చేతిలో తాడు చుట్ట, మొహమంతా చెమట. సంగతి విని నా వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. "నేను ఏటా అడిగే మాటే అడుగుతానండీ. జవాబు నాది కాదు గదా" అని షామియానా దగ్గరికి వెళ్ళిపోయారు.

"చూద్దాం" అన్నాను ఆవిడతో. ఆ మాట కాదనడానికీ సరిపోతుంది, అవుననడానికీ సరిపోతుంది. ఆవిడ అవుననే అనుకుంది. పన మీద చెయ్యి తీసి నాకు దణ్ణం పెట్టింది.

మేము ఊళ్ళో ఎవరింట్లోనూ దిగం. ఏటా అవనిగడ్డలో లాడ్జిలో ఉంటాం. ఆ సాయంత్రం కింద హోటల్లో ఇడ్లీ ముందు పెట్టుకుని అక్క మొదలుపెట్టింది.

"చెప్పెయ్యరా. పేరే గదా."

"పేరే. అది కాక ఇంకేముంది మనకి?"

"నీకు జీతం ఉంది, నాకు పెన్షన్ ఉంది, ఇద్దరికీ మోకాళ్ళ నెప్పులున్నాయి. ఏం లేదంటావేంటి?"

"నీకు తెలియదక్కా."

"నాకెందుకు తెలియదు? నా ఇంటిపేరు పెళ్ళినాడే మారింది. ఆ మర్నాడు నేనేం చచ్చిపోయానా? బడిలో సంతకం కొత్తగా పెట్టడం నేర్చుకున్నా, అంతే." చట్నీ నా పళ్ళెంలోకి తోసింది. "ముందు తిను."

"తాతగారు ఇచ్చిన స్థలంలో నిలబడి మన పేరు చెప్పకపోతే..."

"తాతగారు ఇచ్చేశారు గదా. ఇచ్చేసిన స్థలంలో నీకేం పని అలా పాతుకుపోయి నిలబడటానికి?"

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. ఇడ్లీ సగం మిగిలిపోయింది. రోడ్డు మీద కాసేపు అటూ ఇటూ తిరిగాను. మెడికల్ షాపు దాకా వెళ్ళి, ఏమీ కొనకుండా తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళాను. ఆయన పేరు మనసులో ఒకసారి అనుకుని చూశాను. ఆ పేరుతో నాకు పేచీ లేదు, మంచి మనిషి పేరు. దాని తరవాత మా పేరు కూడా చెప్తే? "ఫలానా ఆయన కొన్న మా పొలంలోది" అంటే? అలా అనుకున్న క్షణమే సిగ్గేసింది. కోర్టులో వకీలు మాటలా ఉంది. గుమ్మం దగ్గర ఎప్పుడూ ఒక్క పేరే చెప్తారు.

ఆదివారం పొద్దునకి వాన పట్టుకుంది. విడవకుండా కాదు, ఒక జల్లు కొట్టి ఆగడం, మళ్ళీ కొట్టడం. జనం తడిసే వచ్చారు. ఆవిడ తెల్లచీర కట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు. అక్క వెళ్ళి చెయ్యి పట్టుకుని, ఆడవాళ్ళ వైపు అన్నిటికంటే ముందు బెంచీలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. గంట కొట్టారు, తలుపులు మూశారు. నేనూ పనా బయట మిగిలాం.

ఆ మెట్ల మీద ఎన్నిసార్లు నిలబడ్డానో! ఎప్పుడూ నిటారుగా నిలబడ్డాను. పనని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకోవడం అదే మొదలు. చీర తీసేశాక పన బరువుగా ఉంది, కంకులు భుజానికి గుచ్చుకుంటున్నాయి. తట్టాను. తలుపు తెరుచుకుంది. అయ్యగారు గుమ్మంలో నిలబడి, అన్న మాట ప్రకారం, ఏటా అడిగే మాటే అడిగారు.

ఆవిడ లోపల కూర్చుని ఉండగా మా పేరు చెప్పడం నాకు చేతకాలేదు. అలాగని ఆయన పేరు నిండుగా పలకడానికీ మనసు ఒప్పలేదు. ఆయన పేరే చెప్పాను. అయ్యగారికి వినపడేంత, అంతే. సరిగ్గా అప్పుడే ముందు వరండా రేకుల మీద జల్లు కొట్టింది. అయ్యగారు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి పక్కకు తప్పుకున్నారు. పాట అందుకున్నారు. ఏటా ఏ పేరు వింటారో అదే విన్నామనుకుని అందరూ లేచి నిలబడ్డారు.

బల్ల ముందు పన పెట్టి తిరిగి వస్తూ ముందు బెంచీ వైపు చూశాను. ఆవిడ నా వైపే చూస్తోంది. ఆ చూపులో ప్రశ్న ఉంది. ఆవిడకి పేరు వినపడలేదు. అక్క ఆవిడ చెవిలో ఏదో అంది. అక్కకి మాత్రం ఏం వినపడి ఉంటుంది గనక?

ప్రసంగమంతా నా బెంచీలో నాకు కుదురు లేదు. మన చేతిలో ఉన్నదేదీ మనది కాదని, దేవుడు అప్పగిస్తే చూసుకునేవాళ్ళమని, లెక్క ఆయనకి చెప్పాలని అయ్యగారు చెప్తున్నారు. కోతపండుగకి ఏటా చెప్పే గృహనిర్వాహకత్వం మాటలే. ఈసారి ప్రతి మాటా నా వైపే వస్తున్నట్టు అనిపించింది. ఆయన నా వైపు చూడటం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది. చెప్పమన్న పేరు చెప్పాను గదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. చెప్పినట్టా, చెప్పనట్టా? ఆవిడ కోరింది అయ్యగారి చెవిలో వేయమని కాదు.

వాన వల్ల వేలం పాట కూడా గుడి లోపలే పెట్టారు. పాట నడిపే సంఘపెద్ద మా నాన్నగారి స్నేహితుడి తమ్ముడు. వయసు మీద పడినా గొంతు తగ్గలేదు. బెంచీలు వెనక్కి జరిపారు. గుమ్మడికాయలు పోయాయి. చిలకలపూడి నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయి తన చేత్తో చేసి తెచ్చిన గిల్టు గాజులకి ఆడవాళ్ళు పోటీపడి పాడారు. ఒక కోడిపెట్టని కొన్నవాళ్ళు మళ్ళీ గుడికే ఇచ్చేయడం, ఇంకొకరు కొని మళ్ళీ ఇచ్చేయడం, అందరూ నవ్వడం.

"దాన్ని వదిలెయ్యండర్రా, గుడ్డు పెట్టుకోవాలి" అని ఎవరో ఆడవాళ్ళ వైపు నుంచి అరిచారు.

"గుడ్డు పెడితే అదీ పాటకే!" అన్నాడు పెద్దాయన.

అక్క తెచ్చిన బియ్యం అందరి బియ్యంతో కలిపి ప్రేమవిందు భోజనానికి పంపారు. చివరికి పన మిగిలింది. ఎప్పుడూ చివరే అది. పెద్దాయన దాన్ని రెండు చేతులా పైకెత్తాడు. కంకులు ఆయన తల మీదికి వంగాయి. ఎన్నో ఏళ్ళ అలవాటు ఆ గొంతులో ఉంది. మా ఇంటిపేరు నిండుగా, గుడి నాలుగు గోడలకీ తగిలేలా పలికి, "వారి పొలంలో మొదటి పన! ఎవరు పాడతారు?" అని అరిచాడు.

నేను గుమ్మం దగ్గర వినాలనుకున్న మాట అదే. నేను పలకలేదు, అడగలేదు, దానంతట అదే వచ్చింది. ఒళ్ళు ఒక్కసారి నిటారుగా అయింది, అబద్ధం ఎందుకు. ఊరుకుంటే సరిపోతుంది. ఎవరూ నన్ను తప్పు పట్టరు. నేను చెప్పిందేమిటో అయ్యగారికి తెలుసు, నాకు తెలుసు. మిగతాది పెద్దాయన పొరపాటు.

ఆవిడ వైపు చూశాను. ఆవిడకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఊళ్ళో పెళ్ళిభోజనాల దగ్గర చివరి పంక్తిలో వడ్డన అయిపోయిందంటే లేచేవాళ్ళ మొహం ఉంటుందే, అలా ఉంది. పోనీలే అనుకుంటున్న మొహం. కొంగు సర్దుకుంటోంది.

"పాట ఎవరు మొదలెడతారు? పాడండి, పాడండి!" పెద్దాయన తొందర చేశాడు.

లేచాను. "ఆగండి" అన్నాను.

పెద్దాయన పన పట్టుకునే నా వైపు తిరిగాడు. "ఏం బాబూ, నువ్వే పాడతావా? మీది మీరే కొనుక్కుంటారా?" నలుగురు నవ్వారు.

"మాది కాదు" అన్నాను. ఆయన పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా, చివర గారు చేర్చి. "ఆయన నాట్లేయించిన చేను. ఆయన ఇంట్లోవాళ్ళే కోసి తెచ్చారు. ఆయన పేరే పలకండి."

పెద్దాయన పన కిందికి దించి అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు తల ఊపారు. "తలుపు దగ్గర చెప్పింది అదేనండీ" అన్నారు, అంతకంటే ఏమీ అనలేదు.

పెద్దాయన పనని ఇంకోసారి పైకెత్తి, ఇందాకటి గొంతుతోనే, ఇందాకటంత నిండుగానే ఆయన పేరు పలికాడు. ఆవిడ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎవరో వెనక నుంచి పాట మొదలుపెట్టారు, ఇంకొకరు దాని మీద పాడారు. గొంతులు పెరిగాయి, గుడిలో మళ్ళీ సందడి వచ్చింది. మా పేరు ఎవరూ తలవలేదు. నాకు లోపల ఏ తేలికా రాలేదు, ఏదో ఊడి కింద పడిన చప్పుడు మాత్రం విన్నట్టుంది. వచ్చే ఏటి సంగతి అప్పుడే మొదలైంది. మూల వదులుతారా, నన్ను పిలుస్తారా, పిలిస్తే ఎవరి మనిషిగా వెళ్ళాలి? అడిగితే ఆవిడ ఆ క్షణంలోనే చెప్పేది. అడగాలి గదా.

ఎంతసేపు అలాగే నిలబడ్డానో తెలియదు. ఎవరో వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లాగారు. ఎప్పుడు వచ్చిందో, మగవాళ్ళ వైపు బెంచీలోకి వచ్చి అక్క కూర్చుని ఉంది.

"కూర్చోరా. వెనకవాళ్ళకి పన కనపడటం లేదంట."